ఒకే మందు, ఒక్కో ఒంట్లో ఒక్కో తీరు

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాన్ని మాత్రమే వెతికి చంపవు. వేగంగా విభజన చెందే ఏ కణాన్నైనా దెబ్బతీస్తాయి. ఎముకల్లోని మూలుగ, నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్లు అన్నీ ఆ దెబ్బ తినేవే. అందుకే ఈ మందుల విషయంలో రోగం తగ్గించే మోతాదుకూ ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. పైగా ఆ ఎడం అందరిలో ఒకేలా ఉండదు. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే జబ్బు ఉన్న ఇద్దరికి ఒకే మోతాదు ఎక్కిస్తే, ఒకరు రెండు మూడు రోజులు వికారంతో గడిపి తేరుకుంటారు. మరొకరికి నోరంతా పూసి, విరేచనాలు పట్టుకుని, తెల్లకణాలు పడిపోయి ఐసీయూ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఈ తేడాకు ఉన్న కారణాల్లో ఒకటి, మందును విరిచి బయటికి పంపే ఎంజైములను తయారుచేసే జన్యువుల్లో పుట్టుకతో వచ్చే వైవిధ్యం.

ఇక్కడ రెండు రకాల జన్యు మార్పులను కలిపేయకూడదు. తల్లిదండ్రుల నుంచి వచ్చి ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉండేవి ఒక రకం. అవి ముఖ్యంగా మందు ఎంతసేపు, ఎంత గాఢతతో ఒంట్లో ఉంటుందో నిర్ణయిస్తాయి. క్యాన్సర్ గడ్డలో మాత్రమే కొత్తగా పుట్టేవి రెండో రకం. ఆ గడ్డ ఏ మందుకు లొంగుతుందో చెప్పేవి అవి. కీమో చరిత్రలో ఈ రెండింటినీ విడదీసి చూడటానికే దశాబ్దాలు పట్టింది. ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర, తెలుగు నేల పాత్ర సాధారణంగా చెప్పుకునే దానికంటే పెద్దవి.

మూలం 1902లో ఉంది. మూత్రం గాలి తగిలితే నల్లబడే ఆల్కాప్టోన్యూరియా అనే అరుదైన స్థితిని లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారోడ్ ఆ ఏడు వివరించాడు. ఆ స్థితి ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే తాత మనవలని ఆయన గమనించాడు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగినప్పుడు, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. అలా రెండు వైపుల నుంచీ చేరినప్పుడే అది పైకి తేలుతుంది. మనుషుల ముఖాల్లాగే వారి ఒంటి రసాయన క్రియలు కూడా వేరువేరుగా ఉంటాయని, ఆహారమూ మందులూ వారిలో వేరువేరుగా పనిచేయడానికి అదే కారణం కావచ్చనీ గారోడ్ ఆలోచన. ఆ కాలపు వైద్యులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

కీమోథెరపీ అసలు కథలోకి తెలుగువాడు వచ్చింది 1940లలో. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920లలో బోస్టన్ చేరాడు. సోదరుడు స్ప్రూ వ్యాధితో చనిపోవడం ఆయన మనసులో చివరిదాకా మిగిలిన విషయం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొత్త రక్తకణాలు పుట్టడానికి అవసరమైన విటమిన్ అది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఫోలేట్‌లను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. అలాంటప్పుడు ఫోలేట్‌ను అడ్డుకునే పదార్థం లుకేమియాను ఆపాలి కదా అన్నది తర్వాతి ఆలోచన. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఆ పని చేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గింది. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఆ పదిమంది గురించి వైద్య చరిత్రకారులు చాలా రాశారు. మిగిలిన ఆరుగురి మీద దృష్టి తక్కువ. ఒకే మందు, ఒకే జబ్బు, అందరూ పిల్లలే. అయినా ఫలితం వేరు. ఆనాడు దానికి వైద్యుల దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: జబ్బు ముదిరిందనో, పిల్లవాడు బలహీనంగా ఉన్నాడనో అనుకోవడం. అమినోప్టెరిన్‌కు వారసుడిగా వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియాలో వాడుతున్న మందు. అది కణంలోకి వెళ్లే దారిలోనూ, ఫోలేట్ మీద పనిచేసే ఎంజైముల్లోనూ జన్యు తేడాలు ఉన్నాయని తెలియడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో బాగా వ్యాప్తిలో ఉన్న మార్పును 1995లో కనిపెట్టారు. కాలేయ కణాల్లోకి మెథోట్రెక్సేట్‌ను తీసుకెళ్లే ఎస్ఎల్‌సీఓ1బీ1 అనే జన్యువు పాత్ర 2009లో తేలింది. మొదటిదాని మీద అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. దాని పేరు చెప్పి జన్యు పరీక్షలు అమ్మే సంస్థలు ఎన్ని ఉన్నా, మోతాదు మార్చడానికి అది ఇంకా నమ్మదగిన ఆధారం కాదు.

మెథోట్రెక్సేట్ తర్వాత మందులు వరసగా వచ్చాయి. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1951లో 6-మెర్‌కాప్టోప్యూరిన్ చేశారు. చార్లెస్ హైడెల్‌బర్గర్ 1957లో 5-ఫ్లోరోయురాసిల్ ప్రకటించాడు. శ్రీకాకుళం తీరపు ఇసుక నేలల్లో ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. వీటన్నిటికీ మోతాదు లెక్క 1950ల చివరి నుంచి ఒంటి ఉపరితల వైశాల్యం మీద నడిచింది. ఎత్తూ బరువూ కొలిచి, చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని ఇవ్వడం. నేటికీ చాలా మందులకు అదే పద్ధతి. ఎత్తూ బరువూ కాలేయంలోని ఎంజైము సంగతి చెప్పవు. అయినా సులువైన కొలత కాబట్టి అది నిలబడిపోయింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే వేరే దిక్కు నుంచి కొత్త శాస్త్రం తలెత్తింది. 1957లో ఆర్నో మోటుల్‌స్కీ మందుల దుష్ఫలితాలకు వారసత్వం కారణం కావచ్చని రాశాడు. 1959లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఫోగెల్ ఆ రంగానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. కెనడాలో వెర్నర్ కాలో, శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ కొందరిలో నిమిషాలకు బదులు గంటల తరబడి ఎందుకు పనిచేస్తుందో ఆరా తీసి, దాన్ని విరిచే ఎంజైములో పుట్టుకతో లోపం ఉందని చూపాడు. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్రకణాలను పగలగొట్టడానికి కారణం జీ6పీడీ అనే ఎంజైము లోపమని 1956లో తేలింది. ఇవేవీ క్యాన్సర్ మందులు కావు. ఆలోచన మాత్రం కీమోకు నేరుగా వర్తించేదే.

ఇక్కడే జె.బి.ఎస్. హాల్డేన్ ప్రసక్తి. గారోడ్ ఆలోచనను ముందుకు తీసుకెళ్లిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త ఆయన. మలేరియా ఉన్న చోట్ల కొన్ని రక్త లోపాలు ఎక్కువగా ఉండటానికి మలేరియాయే కారణమని 1949లో ఊహించినవాడు కూడా ఆయనే. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో ఆయన శిష్యుడయ్యాడు. ఆంధ్ర ప్రాంతంలో మేనమామ, మేనకోడలి పెళ్లిళ్లు, మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిళ్లు ఎంత విస్తారంగా ఉన్నాయో, వాటి ఫలితాలేమిటో ద్రోణంరాజు, పి. మీరాఖాన్ కలిసి 1960ల ఆరంభంలో ప్రచురించిన వ్యాసాలు ఆ విషయం మీద వచ్చిన తొలి శాస్త్రీయ లెక్కల్లో ఉన్నాయి. గారోడ్ లండన్‌లో అరుదుగా చూసిన బాంధవ్యం ఇక్కడ ఊరూరా మామూలు. అరుదైన ఎంజైము లోపం రెండు ప్రతుల్లోనూ చేరే అవకాశం అలాంటి కుటుంబాల్లో పెరుగుతుంది. ఇలాంటి లోపం వల్ల మందు ప్రాణాంతకంగా పరిణమించే ప్రమాదం రెండు ప్రతులూ పాడైనప్పుడే ఎక్కువ. అందువల్ల మేనరికం కేవలం పుట్టుక లోపాల సమస్య కాదు, మందుల మోతాదు సమస్య కూడా.

హాల్డేన్‌కు 1963 చివర్లో పురీషనాళ క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, క్యాన్సర్ మీద ఒక వ్యంగ్య కవిత కూడా రాసి, భువనేశ్వర్ తిరిగివచ్చి 1964 డిసెంబరు 1న చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. తెలుగు వైద్య విద్యార్థులకు ఆయన మిగిల్చిన ఆఖరి పాఠం అది.

కీమోలో వారసత్వపు పాత్రకు తిరుగులేని రుజువు 1980లో దొరికింది. మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బామ్ టీపీఎంటీ అనే ఎంజైమును కొలిచాడు. 6-మెర్‌కాప్టోప్యూరిన్‌ను నిర్వీర్యం చేసే పని దానిది. కొలిచినవారిలో దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి ఆ ఎంజైము సగం స్థాయిలో ఉంది. సుమారు మూడు వందల మందిలో ఒకరికి అసలు లేదు. అసలు లేనివారికి మామూలు మోతాదు ఇస్తే మందు మూలుగలో పేరుకుపోయి, రక్తకణాల తయారీ ఆగిపోతుంది. వారికి మామూలు మోతాదులో పదో వంతు సరిపోతుంది. కీమో మోతాదును జన్యువు చూసి నిర్ణయించడానికి ఇది తొలి స్పష్టమైన ఉదాహరణ. పాశ్చాత్య దేశాల పిల్లల క్యాన్సర్ కేంద్రాలు 1990ల నుంచి ఈ పరీక్షను వాడుకలోకి తెచ్చాయి.

ఆసియా రోగులకు వచ్చేసరికి ఈ లెక్క తప్పింది. టీపీఎంటీ లోపాలు ఇక్కడ ఐరోపా కంటే అరుదు. మెర్‌కాప్టోప్యూరిన్‌తో రక్తకణాల కౌంట్లు పడిపోవడం మాత్రం అరుదు కాదు. అంటే వేరే కారణం ఉండాలి. కొరియా పరిశోధకులు 2014లో ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులో ఆ కారణాన్ని పట్టుకున్నారు. ఆ జన్యువు చేసే ఎంజైము, మందు చురుకైన రూపాన్ని తిరిగి నిరపాయంగా మారుస్తుంది. అందులో ఒక్క అక్షరం మారితే ఎంజైము నిలబడదు. ఈ మార్పు ఐరోపా వారిలో అరుదు. తూర్పు ఆసియాలోనూ, భారత ఉపఖండంలోనూ చాలా ఎక్కువమందికి కనీసం ఒక ప్రతిలో ఉంటుంది. మోతాదు సూచనల్లో ఎన్‌యూడీటీ15 చేరింది 2018లో. అంతకు ముందు ముప్పై ఏళ్లకు పైగా భారతీయ పిల్లల విషయంలో వైద్యులు చేసింది, కౌంట్లు పడితే మందు ఆపడం, పెరిగితే మళ్లీ మొదలుపెట్టడం. అనుభవజ్ఞులైన వైద్యుల చేతిలో అది తీసిపారేసే పద్ధతి కాదు. ఒక ప్రమాదం జరిగాకే తెలుస్తుందన్నదే దానిలోని లోపం.

5-ఫ్లోరోయురాసిల్ కథ ఇంకా తీవ్రం. పెద్దపేగు, కడుపు, రొమ్ము, తల, మెడ క్యాన్సర్లకు ఇది, దీని మాత్ర రూపమైన కాపెసిటబిన్ విస్తారంగా వాడతారు. ఇచ్చిన మందులో ఎనభై శాతం పైగా కాలేయంలో డీపీడీ అనే ఎంజైము విరిచేస్తుంది. ఆ ఎంజైము లేనివారికి మొదటి సైకిలే ప్రాణాంతకం కావచ్చు. ఇలాంటి రోగుల గురించి 1980ల మధ్య నుంచే ప్రచురణలు వచ్చాయి. 1990లలో జన్యు మార్పూ తెలిసింది. అయినా చికిత్సకు ముందు పరీక్ష చేయాలని ఐరోపా మందుల సంస్థ సిఫారసు చేసింది 2020లో. కారణం తెలిశాక కూడా పరీక్ష రివాజు కావడానికి పాతికేళ్లు ఆలస్యమైందంటే, దాన్ని శాస్త్రం లోటుగా చూడలేం. అది వ్యవస్థ లోటు. భారతీయులకు ఇందులో మరో చిక్కు ఉంది. ఐరోపాలో వాడుతున్న పరీక్ష ముఖ్యంగా నాలుగు మార్పులను వెతుకుతుంది. అవి ఐరోపా జనాభాలో కనిపించినవాటి నుంచి ఎంచినవి. ఆ నాలుగూ లేవని తేలినంత మాత్రాన ఇక్కడి రోగికి మందు పూర్తిగా సురక్షితమని అర్థం కాదు.

ఇరినోటెకాన్ అనే మరో కీమో మందు విషయంలో పరిస్థితి తారుమారు. దాన్ని నిర్వీర్యం చేసే యూజీటీ1ఏ1 ఎంజైము తక్కువగా ఉండే జన్యు మార్పు మన ప్రాంతంలో చాలా మామూలు. పస్తున్నప్పుడు కళ్లు కాస్త పచ్చబడే గిల్బర్ట్ లక్షణం దీని వల్లే వస్తుంది. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఇరినోటెకాన్ ఇచ్చినప్పుడు మాత్రం తీవ్రమైన విరేచనాలు, తెల్లకణాల లోటు రావచ్చు. అమెరికా 2005లోనే మందు వివరపత్రంలో ఈ హెచ్చరిక చేర్చింది.

గడ్డలోని జన్యు మార్పుల మీద గురిపెట్టే మందులది వేరే దారి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు ఇమాటినిబ్ 2001లో వచ్చింది. 2003లో హైదరాబాదు కంపెనీ నాట్కో దాన్ని చౌకగా తయారుచేసి అమ్మింది. ఆ మందును మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీ పేటెంటు వాదాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మందు రేటు తగ్గడం కూడా చికిత్స ఫలితాన్ని మార్చేదే కాబట్టి ఈ సంగతి ఇక్కడ అప్రస్తుతం కాదు.

హాల్డేన్, ద్రోణంరాజు మొదలుపెట్టిన పని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో జన్యుక్రమాల యుగంలో కొనసాగింది. కుమారసామి తంగరాజ్ బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో, మళ్లీ 2017లో భారతీయ సమూహాల జన్యు చరిత్రను ప్రచురించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయని తేలింది. 2017 వ్యాసం ఆంధ్ర వైశ్యులను ఉదాహరణగా చూపింది. సక్సినైల్‌కోలిన్ విషయంలో కాలో కనిపెట్టిన ఎంజైము లోపమే వారిలో మిగతావారి కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లు ఈ సంగతిని అనుభవం మీద అంతకు ముందే ఎరుగుదురు. ఒక తెలుగు సమూహంలో ఒక మందు ప్రమాదకరమని జన్యువు స్థాయిలో చూపించిన స్పష్టమైన సందర్భం ఇది. అలాగని కులం పేరు చూసి మోతాదు నిర్ణయించడం పొరపాటు. సమూహంలో సగటు ఎంతైనా, రోగి ఒంట్లో ఆ మార్పు ఉందో లేదో చెప్పేది పరీక్ష మాత్రమే. దాదాపు 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన జీనోమ్ ఇండియా పథకం, ఇక్కడి జనానికి పనికొచ్చే పరీక్షలు తయారుచేయడానికి ఆధారం కాగలదు.

ఈ చరిత్ర మొత్తం శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర మరో రూపం తీసుకుంటుంది. సంతబొమ్మాళి మండలంలోని ఈ ఊరు ఉప్పు మడులకూ రైలు జంక్షన్‌కూ పేరు. ఇక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుమార్గం తర్వాత గుణుపూరు దాకా, అంటే సవరల కొండల దాకా సాగింది. ఒక పక్క సముద్రం, ఉత్తరాన పలాస జీడితోటలు, ఉద్దానం కొబ్బరితోటలు, పడమట మలేరియా కొండలు. క్యాన్సర్ చికిత్సకు ఈ తీరం వాళ్లు ఎక్కువగా విశాఖ వెళ్తారు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేద కుటుంబాలకు కీమో అందుబాటులోకి వచ్చింది ఆ తర్వాతే.

ఈ ప్రాంతపు రోగి విషయంలో జన్యువుల కంటే ముందు చూడాల్సినది కిడ్నీ. ఉద్దానంలో ప్రతి అయిదుగురు పెద్దవారిలో దాదాపు ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టు సర్వేలు చూపాయి. మధుమేహమో, రక్తపోటో లేనివారికీ వస్తున్న జబ్బు ఇది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మెథోట్రెక్సేట్ చాలావరకు మార్పు లేకుండా మూత్రంలోనే పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే అది ఒంట్లో నిలిచిపోయి, ఎంజైము లోపం ఉన్నవారిలో ఎంత హాని జరుగుతుందో అంత హానీ చేస్తుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తానే కిడ్నీని దెబ్బతీస్తుంది. కాపెసిటబిన్‌ను కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరాదు. కార్బోప్లాటిన్‌కైతే 1989 నుంచి వాడుకలో ఉన్న కాల్వర్ట్ సూత్రం ఒంటి వైశాల్యాన్ని పక్కనపెట్టి, కిడ్నీ వడపోత వేగం మీదే మోతాదు కడుతుంది. సాధారణ క్రియాటినిన్ అంకె సన్నగా, కండ తక్కువగా ఉన్న మనిషిలో కిడ్నీ దెబ్బను దాచిపెట్టగలదు. కాబట్టి అంకెతో సరిపెట్టుకోకుండా వడపోత వేగం లెక్క కట్టాలి.

కొండల వైపు నుంచి వచ్చే రోగులకు మరో పరీక్ష అవసరం పడుతుంది. లుకేమియా కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడు పెరిగే యూరిక్ ఆమ్లాన్ని తగ్గించడానికి రాస్‌బురికేస్ ఇస్తారు. జీ6పీడీ లోపం ఉన్నవారిలో అది ఎర్రకణాలను పగలగొడుతుంది. హాల్డేన్ ఊహించినట్టే, మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల ఇలాంటి లోపాలు ఎక్కువ. ఈ పరీక్ష పాతది, చౌకైనది, జిల్లా స్థాయిలో చేయదగినది.

కీమో మొదలుపెట్టబోయే ఉద్దానం, నౌపడ, టెక్కలి రోగులు తమ పాత కిడ్నీ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లాలి. తల్లిదండ్రులది మేనరికమా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా కీమోతోనో మత్తుమందుతోనో ప్రాణాపాయం వచ్చిందా, ఒంట్లో బాగున్నప్పుడే కళ్లు పచ్చబడిన సందర్భాలున్నాయా అన్నవి డాక్టరు అడగకపోయినా చెప్పాలి. 5-ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్, మెర్‌కాప్టోప్యూరిన్ రాసినప్పుడు జన్యు పరీక్ష అవసరమా అని అడగడం రోగి హక్కు.